వింత లోహాల్లో విద్యుత్ ప్రవాహం, కృష్ణబిలాల లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాగి ఆక్సైడ్ అతివాహకాల గురించి మాట మొదలైతే చాలు, కాసేపటికి కృష్ణబిలాల ప్రస్తావన వచ్చేస్తుంది. కొత్తగా విన్నవారికి ఎవరో రెండు వేర్వేరు వార్తలను కలిపి చదివినట్లు ఉంటుంది. ఆ తరువాత వాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఒక్కటే. వాటికి నాకు తోచిన వరుసలో జవాబులు రాస్తున్నాను. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం గుర్తున్నవారికి చాలావరకు అందుతుంది. వాహకతను లెక్కించే తీరు చెప్పే భాగానికి కొంచెం ఓపిక కావాలి.

వింత లోహం అంటే ఏమిటి?

లోహాన్ని చల్లబరిస్తే నిరోధకత తగ్గుతుంది. ఆ తగ్గుదలకు ఒక క్రమం ఉంటుంది. బాగా చల్లని స్థితిలో ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి తగలడం వల్ల పుట్టే నిరోధకత ఉష్ణోగ్రత వర్గాన్ని అనుసరించి మారుతుంది. లెవ్ లాండౌ 1956లో ప్రతిపాదించిన ఫెర్మీ ద్రవ సిద్ధాంతం నుంచి వచ్చే ఫలితం ఇది. దీనికి లొంగే లోహాలు ఎన్నో ఉన్నాయి.

1986లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నార్జ్, ముల్లర్ ఒక లాంథనం, బేరియం, రాగి ఆక్సైడ్‌లో సుమారు 35 కెల్విన్ల దగ్గర అతివాహకత ఆనవాళ్లు చూశారు. మరుసటి ఏడాదే వారికి నోబెల్ వచ్చింది. లోకమంతా ఆ అతివాహకత వెంట పడింది. కానీ సిద్ధాంతకర్తలకు నిద్ర లేకుండా చేసింది అతివాహకత కాదు, దానికి పై ఉష్ణోగ్రతల్లో ఉండే లోహ స్థితి. అక్కడ నిరోధకత ఉష్ణోగ్రత వర్గంతో కాక నేరుగా ఉష్ణోగ్రతతోనే పెరుగుతుంది. గ్రాఫు గీస్తే స్కేలు పెట్టి గీసినంత తిన్నని గీత. బిస్మత్, స్ట్రాన్షియం ఉన్న ఒక రాగి ఆక్సైడ్ స్ఫటికంలో 1990లో కొలిచి చూస్తే ఆ గీత సుమారు 7 కెల్విన్ల నుంచి 700 కెల్విన్ల దాకా వంగలేదు. లాంథనం, స్ట్రాన్షియం రకంలో 1000 కెల్విన్ల వరకూ సాగింది.

ఇటెర్బియం, రోడియం, సిలికాన్ కలిసిన సమ్మేళనంలో, కొన్ని ఇనుప అతివాహకాల్లో, మెలితిప్పిన జంట గ్రాఫీన్ పొరల్లో కూడా ఇలాంటి ప్రవర్తనే కనిపించింది.

రాగి తీగలో కూడా గది ఉష్ణోగ్రత దగ్గర గీత తిన్నగానే ఉంటుంది కదా, ఇందులో వింత ఏముంది?

మంచి ప్రశ్న. చాలా వ్యాసాలు దీన్ని దాటవేస్తాయి. రాగిలో ఎలక్ట్రాన్లను చెదరగొట్టేది స్ఫటిక జాలకపు కంపనాలు, అంటే ఫోనాన్లు. గది ఉష్ణోగ్రత దగ్గర ఫోనాన్ల సంఖ్య ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది కాబట్టి గీత తిన్నగా వస్తుంది. చల్లబరుస్తూ పోతే ఫోనాన్లు అణగిపోతాయి, గీత వంగి నిరోధకత నిట్టనిలువుగా పడిపోతుంది. తిన్నని గీత ఒక్కటే చూపించి వింత లోహం అనడానికి లేదు.

వింత అంతా గీత రెండు చివరల్లో ఉంది. కింది చివర, ఫోనాన్లు దాదాపు మిగలని 7 కెల్విన్ల దగ్గర కూడా గీత వంగడం లేదు. పై చివర సంగతి ఇంకా విచిత్రం. నిరోధకతను బట్టి ఎలక్ట్రాన్ రెండు తాకిడుల మధ్య ఎంత దూరం పోతుందో లెక్కగట్టవచ్చు. గది ఉష్ణోగ్రతలో రాగిలో అది సుమారు 40 నానోమీటర్లు, అంటే వందకు పైగా పరమాణువులను దాటుకుని పోవడం. అధిక ఉష్ణోగ్రతలో ఉన్న రాగి ఆక్సైడ్లకు ఇదే లెక్క వేస్తే, జాలకంలో ఒక్క గడి దూరం కన్నా తక్కువ వస్తుంది. ఒక్క అడుగు కూడా వేయకముందే తగిలిపోయే కణం గురించి ‘రెండు తాకిడుల మధ్య’ అనే మాటకే అర్థం లేదు. చాలా లోహాల్లో నిరోధకత ఆ హద్దు దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. ఇక్కడ ఆ హద్దును పట్టించుకోకుండా పైకి పోతుంది.

క్వాసీకణాలు లేవు అంటారు. లేవని ఎలా తెలిసింది?

1900లో డ్రూడ్ వేసిన లెక్క నుంచి నేటి పాఠ్యపుస్తకాల వరకు విద్యుత్ ప్రవాహానికి ఒకటే చిత్రం: చిన్న చిన్న కణాలు, ఒక్కోదానికి ఇంత ఆవేశం, కొంత దూరం పోవడం, తగలడం, మళ్లీ పోవడం. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి బలంగా నెట్టుకుంటున్నా, ఆ సమూహంలో ఎలక్ట్రాన్‌ను పోలిన దీర్ఘాయుష్షు గల కదలికలు ఉంటాయని లాండౌ చూపాడు. అవే క్వాసీకణాలు. వింత లోహాల్లో వాటి ఆయుష్షు ఎంత తక్కువంటే, కణం అని పేరు పెట్టడానికి వ్యవధి చాలదని అనుమానం.

దీనికి దగ్గరి సాక్ష్యం 2023లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. వియన్నాలో పెంచిన ఇటెర్బియం, రోడియం, సిలికాన్ పొరల నుంచి నానో తీగలు చెక్కి, వాటిలో ప్రవాహపు సడిని కొలిచారు. ఆవేశం విడివిడి పొట్లాలుగా వస్తుంటే ప్రవాహంలో చిన్న చిన్న ఒడుదొడుకులు వినిపించాలి. బంగారు తీగలో ఉండాల్సినంత ఉన్నాయి. ఈ తీగలో మామూలు లోహాలకు ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువగా ఉన్నాయి. ఫోనాన్లతో తగలడం వల్ల ఆ తగ్గుదల వచ్చిందా అని కూడా పరీక్షించి, కాదని తేల్చారు. నా దృష్టిలో ఈ రంగంలో ఇటీవలి కాలపు అతి అందమైన ప్రయోగం ఇది.

ప్లాంక్ కాలపరిమితి అంటే ఏమిటి?

ప్లాంక్ స్థిరాంకాన్ని రెండు పై (2π)తో భాగించి, దాన్ని బోల్ట్జ్‌మాన్ స్థిరాంకం, ఉష్ణోగ్రతల లబ్ధంతో భాగిస్తే ఒక కాలం వస్తుంది. గది ఉష్ణోగ్రతలో అది సుమారు 25 ఫెమ్టోసెకన్లు. ఇందులో పదార్థం పేరు, ఎలక్ట్రాన్ బరువు, జాలకం ఏదీ లేదు. వింత లోహాల కొలతల నుంచి తాకిడి కాలాన్ని రాబడితే దాదాపు ఇదే వస్తుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పనిచేసిన యాన్ జానెన్ 2004లో దీనికి ప్లాంక్ పేరు పెట్టి, క్వాంటం నియమాలు అనుమతించే అతి వేగవంతమైన వేడి విడుదల ఇదేనన్నాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2013లో కొందరు ప్రయోగకారులు రకరకాల లోహాలను వరుసగా పేర్చి చూస్తే, తిన్నని గీత ఉన్న మామూలు లోహాల్లో సైతం అదే కాలం కనిపించింది. రాగి కూడా అందులో ఉంది. కాబట్టి ‘ప్లాంక్ కాలం కనిపించింది, కనుక అది వింత లోహం’ అనే వాదం చెల్లదు.

సరే, కృష్ణబిలం ఇందులోకి ఎలా వచ్చింది?

వెనక దారి గుండా. 1970ల తొలి సంవత్సరాల్లో బెకెన్‌స్టైన్, ఆ వెంటనే హాకింగ్ కృష్ణబిలానికి ఎంట్రోపీ, ఉష్ణోగ్రత ఉంటాయని చూపారు. ఆ ఎంట్రోపీ ఘనపరిమాణాన్ని బట్టి కాక ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అంటే లోపలి సంగతంతా ఒక దిశ తక్కువగా ఉన్న అంచు మీద రాసిపెట్టి ఉండవచ్చు. 1990ల్లో టూఫ్ట్, సస్కిండ్ ఈ ఊహకు హోలోగ్రాం పేరు తగిలించారు. 1997 నవంబరులో హువాన్ మాల్దసేనా దానికి కచ్చితమైన ఉదాహరణ ఇచ్చాడు: ఒక రకం వంపు ఉన్న స్థలకాలంలో గురుత్వాకర్షణ సిద్ధాంతం, దాని అంచు మీద గురుత్వాకర్షణ అసలు లేని క్వాంటం సిద్ధాంతం, రెండూ ఒకే వ్యవస్థకు రెండు వర్ణనలు. ఈ పద్ధతినే హోలోగ్రఫీ అంటున్నాను.

లోహాల వారికి పనికొచ్చేది ఇందులోని తిరకాసు. అంచు మీది కణాలు ఒకదానితో ఒకటి అతి బలంగా అంటుకుని, మామూలు పద్ధతుల్లో లెక్కకు లొంగని చోట, లోపలి గురుత్వాకర్షణ తేలికవుతుంది. ఐన్‌స్టీన్ సమీకరణాలతో పని జరిగిపోతుంది. అంచు మీద ఉష్ణోగ్రత కావాలంటే లోపల కృష్ణబిలం పెట్టాలి. ఎలక్ట్రాన్ల సాంద్రత కావాలంటే ఆ కృష్ణబిలానికి విద్యుదావేశం ఇవ్వాలి. హాకింగ్ ఉష్ణోగ్రతే లోహపు ఉష్ణోగ్రత, దిగంతపు, అంటే దాటితే తిరిగి రాలేని కృష్ణబిలపు హద్దు వైశాల్యమే లోహపు ఎంట్రోపీ.

అంటే లోహం ముక్కలో నిజంగా కృష్ణబిలం ఉందా?

లేదు. అది లెక్క కోసం కల్పించుకున్న మరో స్థలకాలంలో ఉంటుంది.

ఆ అదనపు దిశకు అర్థం ఏమిటి?

శక్తి ప్రమాణం. అంచుకు దగ్గరగా ఉంటే వ్యవస్థను సూక్ష్మంగా, అధిక శక్తితో చూస్తున్నట్లు. లోపలికి దిగే కొద్దీ చిన్న చిన్న వివరాలు చెరిగిపోయి, పెద్ద దూరాల, తక్కువ శక్తుల ప్రవర్తన మిగులుతుంది. దిగంతం దగ్గర ఉన్నది ఉష్ణోగ్రత స్థాయి భౌతికశాస్త్రం. స్థిర విద్యుత్ ప్రవాహం లాంటి నిదానమైన విషయాలు దిగంతం దగ్గరే తేలిపోవడానికి కారణం ఇదే.

వాహకతను నిజంగా ఎలా లెక్కిస్తారు?

ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. అంచుకు రెండు స్థల దిశలు, ఒక కాల దిశ ఉంటాయి. రాగి ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్లు పొరల్లోనే తిరుగుతాయి కాబట్టి రెండు దిశలు చాలు. లోపలికి మరో దిశ కలిపితే మొత్తం నాలుగు. ఆ నాలుగింటిలో గురుత్వాకర్షణ, దానితో పాటు మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత క్షేత్రం తీసుకుంటారు. ముందుగా ఆవేశం ఉన్న కృష్ణబిలపు పరిష్కారం రాస్తారు. ఇదే కదలకుండా వేడిగా కూర్చున్న లోహం.

తరువాత దాన్ని కొంచెం కదిపి చూస్తారు. అంచు దగ్గర బలహీనమైన విద్యుత్ క్షేత్రం పెడితే, అది అలగా లోపలికి దిగుతుంది. దిగంతం దగ్గర ఒకటే షరతు: అల లోపలికి పోవాలి తప్ప బయటికి రాకూడదు. కృష్ణబిలం మింగడమే తెలిసిన వస్తువు కనుక ఈ షరతు సహజంగా వస్తుంది. లోహం భాషలో దీని అర్థం, ఇచ్చిన శక్తి వేడిగా మారి తిరిగి రాకపోవడం. ఈ షరతుతో సమీకరణాన్ని దిగంతం నుంచి అంచు దాకా సాధించి, అంచు దగ్గర అలను రెండు భాగాలుగా విడదీస్తారు. అంచులోనే మిగిలే భాగం మనం పెట్టిన క్షేత్రాన్ని చెబుతుంది. అంచు నుంచి లోపలికి దూరంతో పెరిగే తరువాతి భాగం పుట్టిన ప్రవాహాన్ని చెబుతుంది. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే వాహకత. కణాలు, తాకిడులు, వాటి మధ్య కాలం ఎక్కడా రాలేదు. నాకు ఈ పద్ధతి మీద గౌరవం కలిగింది ఇక్కడే.

స్థిర ప్రవాహానికి ఇంకా సులువు. లోపలి దిశలో ఎక్కడ కొలిచినా మారని ఒక రాశి దొరుకుతుంది. అంచు దగ్గర అదే ప్రవాహం. మారదు కాబట్టి దాన్ని దిగంతం దగ్గరే లెక్కించుకోవచ్చు. 2014లో అరిస్టోమెనిస్ డోనోస్, జెరోమ్ గాంట్లెట్ ఈ ఉపాయంతో వాహకత, ఉష్ణ వాహకత, ఉష్ణవిద్యుత్ ప్రభావం అన్నింటికీ దిగంతం మీది విలువలతో సూత్రాలు రాశారు. అంతవరకూ కంప్యూటర్ మీద రాత్రంతా నడిచే పని కాగితం మీది నాలుగు వరుసలకు తగ్గింది.

మొదటి నమూనాల్లో వాహకత అనంతం వచ్చిందని అంటారు. ఎందుకు?

ద్రవ్యవేగం ఎక్కడికీ పోలేదు కాబట్టి. కాలువలో నీళ్లు తమలో తాము ఎంత ఒరుసుకున్నా ప్రవాహం ఆగదు. గట్టో, గుంజో అడ్డం ఉండాలి. ఎలక్ట్రాన్లూ అంతే. ఒకదానితో ఒకటి ఎంత తగిలినా మొత్తం ద్రవ్యవేగం మారదు. జాలకమో, మలినాలో దాన్ని పుచ్చుకోవాలి. నున్నటి, అన్ని చోట్లా ఒకేలా ఉన్న కృష్ణబిలంలో పుచ్చుకునేవారు లేరు. ఆవేశం ఉన్న ద్రవాన్ని ఒకసారి తోస్తే అలా పోతూనే ఉంటుంది.

దీనికి విరుగుడుగా 2012లో హోరోవిట్జ్, సాంటోస్, టాంగ్ కృష్ణబిలాన్నే అలలు అలలుగా ముడతపెట్టి జాలకం కల్పించారు. కష్టమైన సంఖ్యా గణితం అది. మరుసటి ఏడాది డేవిడ్ వెగ్ గ్రావిటాన్‌కు, అంటే గురుత్వాకర్షణను మోసే కణానికి బరువు ఇచ్చే దారి చూపాడు. అదే ఏడాది చివర్లో ఆండ్రాడే, విదర్స్ అన్నింటికన్నా సులువైనది కనిపెట్టారు: లోపల రెండు అదిశ క్షేత్రాలను (ప్రతి బిందువు దగ్గరా ఒక్క సంఖ్య మాత్రమే ఉండేవి) వేసి, ఒక్కొక్కటి ఒక్కో దిశలో ఏటవాలుగా పెరిగేలా ఉంచడం. వాలు ఎంత ఎక్కువైతే ద్రవ్యవేగం అంత త్వరగా కారిపోతుంది. సమీకరణాలు మాత్రం చేత్తో సాధించేంత శుభ్రంగా ఉంటాయి.

ఈ సులువైన నమూనాలో తిన్నని గీత వస్తుందా?

రాదు! ఆండ్రాడే, విదర్స్ నమూనాలో, రెండు స్థల దిశల లోహానికి, నిరోధకత ఉష్ణోగ్రతను అసలు పట్టించుకోదు. తగిన ప్రమాణాల్లో వాహకత అంటే ఒకటి, దానికి తోడు రసాయన పొటెన్షియల్ (ఎలక్ట్రాన్ల సాంద్రతను నిర్ణయించే రాశి) వర్గాన్ని వాలు వర్గంతో భాగించిన విలువ. ఉష్ణోగ్రత ఎక్కడా లేదు. ‘కృష్ణబిలాలు వింత లోహాన్ని వివరించాయి’ అనే శీర్షిక ఎక్కడ కనిపించినా, ఈ సూత్రాన్ని గుర్తు చేసుకోవడం మంచిది. తిన్నని గీత హోలోగ్రఫీ తనంతట తానుగా ఇచ్చే కానుక కాదు. తగిన కృష్ణబిలాన్ని వెతుక్కోవాలి.

వెతికితే దొరికేవాటిలో నాకు నచ్చింది రిచర్డ్ డేవిసన్, కొయెన్‌రాడ్ షాల్మ్, జానెన్ 2013లో ఇచ్చిన వాదం. బలంగా అంటుకున్న ద్రవంలో స్నిగ్ధతకూ ఎంట్రోపీకీ స్థిరమైన నిష్పత్తి ఉంటుంది. స్నిగ్ధత ఎక్కువైతే మలినాల మధ్య నుంచి ద్రవం కష్టంగా పోతుంది, నిరోధకత పెరుగుతుంది. కనుక నిరోధకత ఎంట్రోపీని అనుసరిస్తుంది. గబ్సర్, రోచా 2009లో రాసిన ఒక కృష్ణబిలానికి తక్కువ ఉష్ణోగ్రతల్లో ఎంట్రోపీ ఉష్ణోగ్రతకు అనులోమంగా ఉంటుంది. అంతే, గీత తిన్నగా వచ్చేసింది. రాగి ఆక్సైడ్లలో అతివాహకతకు పైన ఎలక్ట్రాన్ల ఎంట్రోపీ కూడా ఇంచుమించు అలాగే ఉంటుందని కొలతలు చెబుతున్నాయి. లోపం ఏమిటంటే, ఈ వాదంలో నిరోధకత మలినాల మీద ఆధారపడాలి. మలినాలు పెంచితే గీత వాలు మారాలి. నిజమైన రాగి ఆక్సైడ్లలో మలినాలు పెంచితే సాధారణంగా గీత వాలు మారకుండా మొత్తంగా పైకి జరుగుతుంది. ఇది చిన్న తేడా కాదు.

సాధారణ ఆవేశిత కృష్ణబిలంతో ఏమిటి ఇబ్బంది?

పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర కూడా దాని దిగంతానికి వైశాల్యం మిగిలిపోతుంది. లోహం భాషలో అది ఎప్పటికీ చల్లారని ఎంట్రోపీ. నిజమైన లోహాల్లో అలాంటిది కనిపించదు. గబ్సర్, రోచా రకం కృష్ణబిలాల వైపు జనం మళ్లడానికి ఇదొక కారణం.

హాల్ ప్రభావం విషయంలో హోలోగ్రఫీ ఏమైనా కొత్తగా చెప్పిందా?

చెప్పింది. ఈ రంగం ఇచ్చిన వాటిలో దీర్ఘకాలం నిలిచేది ఇదేనని నా అభిప్రాయం. అయస్కాంత క్షేత్రంలో ప్రవాహం పక్కకు ఒరగడమే హాల్ ప్రభావం, ఆ ఒరిగే కోణమే హాల్ కోణం. 1991లో ఇట్రియం రాగి ఆక్సైడ్ మీద చేసిన కొలతల్లో, నిరోధకత ఉష్ణోగ్రతతో పెరుగుతుంటే, హాల్ కోణపు కోటాంజెంట్ మాత్రం ఉష్ణోగ్రత వర్గంతో పెరిగింది. డ్రూడ్ చిత్రంలో ఇవి రెండూ ఒకే తాకిడి కాలం నుంచి వస్తాయి కాబట్టి ఒకేలా మారాలి. ఫిలిప్ ఆండర్సన్ అప్పుడు రెండు రకాల కాలాలు ఉన్నాయన్నాడు.

2014లో మైక్ బ్లేక్, డోనోస్ కృష్ణబిలం సూత్రాన్ని చూసి మరో మాట చెప్పారు. అక్కడ వాహకత రెండు ముక్కల మొత్తం. ఒక ముక్క ద్రవ్యవేగం కారిపోయే వేగాన్ని బట్టి ఉంటుంది. రెండో ముక్కకు ద్రవ్యవేగంతో పని లేదు. ధన, రుణ ఆవేశాలు ఎదురెదురుగా కదిలితే నికర ద్రవ్యవేగం లేకుండానే ప్రవాహం పుడుతుంది కదా, అలాంటిది. ఆవేశం లేని కృష్ణబిలంలో కూడా వాహకత సున్నా కాకుండా, పరిమితంగా ఉండేది దీనివల్లే. నిరోధకతను రెండో ముక్క నడిపిస్తే, హాల్ కోణాన్ని మొదటి ముక్క నడిపిస్తుంది. రెండు కొలతలు రెండు దారులు పట్టడానికి రెండు తాకిడి కాలాలు అక్కర్లేదు. ఇది రాగి ఆక్సైడ్లకు సరైన జవాబా అన్నది వేరే చర్చ. ప్రవాహం వేరు, ద్రవ్యవేగం వేరు అనే సంగతిని మాత్రం కణాల చిత్రానికి అలవాటుపడ్డవారికి ఇది గట్టిగా గుర్తుచేసింది.

మూడింట రెండు ఘాతం కథ ఏమిటి?

2003లో డిర్క్ వాన్ డెర్ మారెల్ బృందం ఒక బిస్మత్ రాగి ఆక్సైడ్‌లో పరారుణ కాంతితో కొలిస్తే, వాహకత పౌనఃపున్యంతో ఒక ఘాతం ప్రకారం తగ్గింది. ఆ ఘాతం దాదాపు మూడింట రెండు. పైన చెప్పిన ముడతల కృష్ణబిలంలో 2012లో అదే సంఖ్య ఊడిపడింది. సభల్లో ఆ రెండు గ్రాఫులను పక్కపక్కన పెట్టి చూపించేవారు, చూసినవారికి ఒళ్లు పులకరించేది. తరువాత వేరే రకం జాలకాలతో, మరింత నిశితంగా లెక్కించినవారికి ఆ ఘాతం స్థిరంగా కనిపించలేదు. పైగా మొదటి లెక్కలో ఘాతంతో పాటు ఒక స్థిరాంకాన్ని కూడా కలపాల్సి వచ్చింది. ప్రయోగంలో అలాంటిది అక్కర్లేదు. ఒక్క సంఖ్య కలిసినంత మాత్రాన సిద్ధాంతం కలిసినట్లు కాదు. ఘాతాల వేటలో ఇది ఎప్పుడూ ఉండే ప్రమాదమే.

దీన్ని విమర్శించినవారు ఎవరు? వారి అభ్యంతరం ఏమిటి?

అందరికన్నా గట్టిగా ఆండర్సన్. 1977 నోబెల్ గ్రహీత, ఘన పదార్థ భౌతికశాస్త్రంలో పెద్ద తలకాయ. 2013లో ఫిజిక్స్ టుడే పత్రికలో ఈ బంధుత్వం మీద తన అపనమ్మకాన్ని దాచుకోకుండా రాశాడు. కృష్ణబిలాల గణితం ఎంత అందమైనదైనా, రాగి ఆక్సైడ్‌లో ఎలక్ట్రాన్లు ఏ సమీకరణం నుంచి బయలుదేరాయో అది చెప్పదు.

సాంకేతికంగా పెద్ద అభ్యంతరం ఒకటి ఉంది. గురుత్వాకర్షణ వైపు లెక్క సులువు కావాలంటే, అంచు మీద ప్రతి బిందువు దగ్గరా లెక్కలేనన్ని రకాల కణాలు ఉండాలి. రాగి ఆక్సైడ్‌లో ఒక్కో గడికి ఒక ఎలక్ట్రాన్ కక్ష్య, రెండు స్పిన్లు, అంతే. అంచు మీది సిద్ధాంతం కూలంబ్ వికర్షణ ఉన్న ఎలక్ట్రాన్లది కాదు. దాని పూర్తి రూపం ఏమిటో చాలా నమూనాల్లో తెలియదు కూడా. అందుకే ఈ పద్ధతి ఒక ప్రత్యేక పదార్థపు వాహకత ఇంత అని ముందుగా చెప్పలేదు. క్వాసీకణాలు లేనిచోట ప్రవాహం ఏయే రీతుల్లో సాగగలదో, ఏ సంబంధాలు అప్పుడు కూడా చెదరవో చెప్పగలదు. ఆ పరిధిలో వాడినవారికి ఉపయోగపడింది. ఆ పరిధి దాటినవారే నవ్వులపాలయ్యారు.

ప్రయోగాల్లో ఎక్కడైనా నిలబడిందా?

లోహాల కన్నా ముందు వేడి కణాల పులుసులో. కృష్ణబిలపు లెక్క ప్రకారం స్నిగ్ధతను ఎంట్రోపీ సాంద్రతతో భాగిస్తే అతి చిన్న విలువ వస్తుంది. దీన్ని కొవ్టున్, సాన్, స్టారినెట్స్ 2005లో సాధారణ హద్దుగా ప్రతిపాదించారు. అదే ఏడాది అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల బంగారు కేంద్రకాలను ఢీకొట్టి పుట్టించిన క్వార్క్, గ్లువాన్ ప్లాస్మా దాదాపు లోపం లేని ద్రవంలా ప్రవహిస్తోందని ప్రకటించింది. ఆ తరువాత వచ్చిన అంచనాలు ఆ హద్దుకు దగ్గరగానే ఉన్నాయి.

ఎలక్ట్రాన్ల విషయంలో గ్రాఫీన్ మంచి ఉదాహరణ. 2007లో హార్ట్‌నోల్, కొవ్టున్, మార్కస్ ముల్లర్, సచ్‌దేవ్ ఆవేశం ఉన్న క్వాంటం ద్రవాల ప్రవాహ సిద్ధాంతాన్ని రాసి, దాన్ని కృష్ణబిలం లెక్కతో సరిచూసుకున్నారు. అందులో ద్రవ్యవేగంతో పని లేని ఆ రెండో రకం వాహకత ఉంది. 2016లో హార్వర్డ్ వాళ్లు శుభ్రమైన గ్రాఫీన్‌లో ఆవేశం సమతుల్యంగా ఉన్న బిందువు దగ్గర వేడినీ విద్యుత్తునూ కొలిచారు. మామూలు లోహాల్లో ఈ రెండింటి నిష్పత్తిని విడెమాన్, ఫ్రాంజ్ నియమం నిర్ణయిస్తుంది. ఇక్కడ ఆ నియమం పది రెట్లకు పైగా తప్పింది. 2025లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ బృందం మరింత శుభ్రమైన గ్రాఫీన్‌లో ఆ తేడాను రెండు వందల రెట్ల దాకా చూపింది. గ్రాఫీన్ హోలోగ్రఫీ పదార్థం కాదు, వింత లోహం కూడా కాదు. అయినా కృష్ణబిలం పక్కన పెట్టి సరిచూసుకున్న సమీకరణాలు కార్బన్ పొరలో పనికొచ్చాయి.

ఎస్‌వైకే (సచ్‌దేవ్, యే, కిటాయెవ్) నమూనా వచ్చాక హోలోగ్రఫీ అవసరం తీరిపోయిందా?

తీరలేదు గానీ, చూపు మళ్లింది. 1993లో సుబీర్ సచ్‌దేవ్, జిన్వు యే యాదృచ్ఛికంగా ముడిపడిన స్పిన్ల నమూనా ఒకటి రాశారు. 2015లో అలెక్సీ కిటాయెవ్ దాన్ని సులువు చేసి, అది ఆవేశిత కృష్ణబిలపు దిగంతం దగ్గరి గురుత్వాకర్షణలా ప్రవర్తిస్తోందని చూపాడు. క్వాసీకణాలు లేవు, ప్లాంక్ కాలం ఉంది, పైగా ఏ సమీకరణంతో మొదలైందో స్పష్టంగా తెలుసు. ఆండర్సన్ అభ్యంతరానికి ఇది సగం జవాబు. 2023లో ఆవిష్కర్ పటేల్, హావోయు గువో, ఇలియా ఎస్టర్లిస్, సచ్‌దేవ్ తాకిడుల బలం చోటు చోటుకూ యాదృచ్ఛికంగా మారే రెండు దిశల లోహంలో తిన్నని గీత వస్తుందని చూపారు. ఇందులో కృష్ణబిలం లేదు. అయితే ఆ దారి కనిపించింది కృష్ణబిలాల వెంట నడిచినవారికే.

దీనితో గది ఉష్ణోగ్రత అతివాహకం తయారవుతుందా?

ఇప్పట్లో కాదు. ఏ మూలకాలను ఎంత పాళ్లలో కలపాలో ఈ లెక్క చెప్పదు. 1993 నాటి పాదరసపు రాగి ఆక్సైడ్ సమ్మేళనం సాధారణ పీడనంలో అందుకున్నది సుమారు 134 కెల్విన్లు.

ఎమ్మెస్సీ విద్యార్థిని. ఇందులోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఈ హోలోగ్రఫీ పుట్టిన తీగ సిద్ధాంతం (స్ట్రింగ్ థియరీ) మొత్తం నేర్చుకున్నాకే రావాలనుకుంటే ఎప్పటికీ రాలేరు. సాపేక్ష సిద్ధాంతంలో ఒక కోర్సు, క్వాంటం క్షేత్ర సిద్ధాంతంలో మొదటి కోర్సు, ఘన పదార్థ భౌతికశాస్త్రంలో డ్రూడ్ నుంచి ఫెర్మీ ద్రవం దాకా, ఇవి ఉంటే చాలు. మూడోదాన్ని గురుత్వాకర్షణ వైపు నుంచి వచ్చేవారు తరచూ వదిలేస్తారు. తరువాత ప్రయోగకారులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు ఇబ్బంది పడతారు.

మొదటి అభ్యాసంగా ఆవేశం లేని కృష్ణబిలంలో మాక్స్‌వెల్ సమీకరణాన్ని తీసుకోండి. రెండు దిశల లోహానికి వాహకత ఏ పౌనఃపున్యంలోనూ మారదని చేత్తోనే తేలుతుంది. 2007లో హెర్జోగ్, కొవ్టున్, సచ్‌దేవ్, సాన్ గమనించింది ఇదే. కారణం నాలుగు దిశల్లో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఒకదాని స్థానంలో ఒకటి కూర్చోగలగడం. తరువాత ఆండ్రాడే, విదర్స్ కృష్ణబిలానికి డోనోస్, గాంట్లెట్ ఉపాయం వాడి, పైన చెప్పిన ఉష్ణోగ్రత లేని సూత్రం రాబట్టండి. అది వచ్చాక పౌనఃపున్యం ఉన్న లెక్కను కంప్యూటర్‌కు ఇవ్వండి. దిగంతం దగ్గర సమీకరణం విషమిస్తుంది కాబట్టి నేరుగా అక్కడి నుంచి మొదలుపెట్టకుండా, దిగంతం చుట్టూ శ్రేణిగా విస్తరించి ఒక అడుగు ఇవతల నుంచి మొదలుపెట్టాలి. పౌనఃపున్యాన్ని సున్నాకు దగ్గర చేసినప్పుడు వచ్చే విలువ చేత్తో రాసిన సూత్రంతో కలవాలి. కలవకపోతే చాలాసార్లు తప్పు అంచు దగ్గర ఉంటుంది: ఆవేశం ఉన్నప్పుడు విద్యుత్ అలతో పాటు గురుత్వాకర్షణ అల, అదిశ క్షేత్రపు అల కూడా కదులుతాయి. ఆ రెండింటికీ అంచు మీద మూలం లేకుండా చూసుకోవాలి.